సైజు మార్చే యానిమేషన్ సరిగ్గా రావట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

బొమ్మని చిన్నదాని నుంచి పెద్దది చెయ్యడం యానిమేషన్‌లో అందరూ మొదటి రోజే నేర్చుకుంటారు, కానీ ఎక్కువ మంది ఇరుక్కునేది కూడా ఇక్కడే. ఒక్కో సమస్యకి ఒక్కో చిట్కా వెతుక్కునే బదులు ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే సగం పని అయిపోతుంది: స్కేల్ అంటే గుణకారం. 200 శాతం స్కేల్ అన్నామంటే, ఆల్రెడీ గీసి ఉన్న బొమ్మలో ప్రతి కొలతనీ ఏదో ఒక పాయింట్ నుంచి లెక్కేసి 2తో గుణించమని చెప్పినట్టు. సైజు మార్చడం వేరే పని, అది వెడల్పు ఇంత, ఎత్తు ఇంత ఉండేలా మళ్ళీ గీయమనడం. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే చాలా తలనొప్పులు.

పెద్దది చేసి చిన్నది చేస్తే పాత సైజుకి రావట్లేదు

పవర్‌పాయింట్‌లో గ్రో/ష్రింక్ ఎఫెక్ట్ డీఫాల్ట్‌గా 150 శాతం ఉంటుంది. 50 పెరిగింది కదా అని రెండో ఎఫెక్ట్‌లో 50 శాతం పెడతారు, అప్పుడు 150లో సగం 75 అవుతుంది, అంటే మొదటికంటే చిన్నదైపోయింది. వెనక్కి రావాలంటే 67 పెట్టాలి. లెక్కలు వద్దనుకుంటే రెడీగా ఉన్న టైనీ 25, హ్యూజ్ 400 జత వాడండి, పావు చేసి నాలుగింతలు చేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఊరికే పెరిగి తగ్గితే చాలు అనుకుంటే రెండో ఎఫెక్టే అక్కర్లేదు, ఎఫెక్ట్ ఆప్షన్స్‌లో ఆటో రివర్స్ టిక్ పెట్టేయండి.

పెరుగుతూ పక్కకి జారిపోతోంది

ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, కారణం కూడా ఒక్కటే, గుణకారం ఏ పాయింట్ నుంచి జరుగుతోందో మీరు చూసుకోలేదు. వీడియో యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దాన్ని యాంకర్ పాయింట్ అంటారు. ఎడమ వైపు అలైన్ చేసిన టెక్స్ట్ లేయర్‌కి ఈ పాయింట్ మొదటి అక్షరం కింద బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) మీద ఉంటుంది, అందుకే స్కేల్ చెయ్యగానే మాట మొత్తం కుడివైపుకి, పైకి ఎగబాకుతుంది. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, హోమ్ మూడూ కలిపి నొక్కితే యాంకర్ సరిగ్గా మధ్యకి వస్తుంది. వేరే చోట కావాలంటే వై నొక్కి పాన్ బిహైండ్ టూల్‌తో లాగండి, బొమ్మ ఉన్న చోటే ఉండి పాయింట్ ఒక్కటే కదులుతుంది. ఇది కీఫ్రేమ్‌లు (ఏ క్షణంలో ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టకముందే చేసుకోవాలి.

2D యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అడోబ్ యానిమేట్‌లో ఇంకో చిక్కు ఉంది, అక్కడ పాయింట్లు రెండు. ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ టూల్ పట్టుకుంటే కనిపించే తెల్ల చుక్క ట్రాన్స్‌ఫర్మేషన్ పాయింట్, చిన్న ప్లస్ గుర్తు రిజిస్ట్రేషన్ పాయింట్. చేత్తో లాగినప్పుడు తెల్ల చుక్కని బట్టి పెరుగుతుంది, యానిమేట్ కోడ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 3లో కోడ్‌తో స్కేల్ చేస్తే మాత్రం ప్లస్ గుర్తు నుంచి పెరుగుతుంది. చేత్తో బాగానే వచ్చింది కోడ్‌తో ఎందుకు జారుతోంది అనేవాళ్ళకి జవాబు ఇదే. సింబల్ (లైబ్రరీలో దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే బొమ్మ) లోపలికి వెళ్ళి బొమ్మనే జరిపి, ప్లస్ గుర్తు మధ్యలో పడేలా చూసుకుంటే సరిపోతుంది. ఇక క్లాసిక్ ట్వీన్‌లో (రెండు కీఫ్రేమ్‌ల మధ్య కదలికని సాఫ్ట్‌వేరే నింపే పద్ధతి) తెల్ల చుక్కని చివరి కీఫ్రేమ్‌లో మాత్రమే కదిపారంటే బొమ్మ దారి మధ్యలో పక్కకి తేలుతూ వెళ్తుంది, మొదటి ఫ్రేమ్‌లోనే సెట్ చేసి తర్వాత కొత్త కీఫ్రేమ్ వెయ్యండి.

పవర్‌పాయింట్‌లో గ్రో/ష్రింక్‌కి ఇలా పాయింట్ మార్చుకునే వీలు లేదు, ఎప్పుడూ నడిమధ్య నుంచే. బార్ చార్ట్‌లో కడ్డీ కింద అంచు కదలకుండా పైకి పెరగాలంటే ఒక మంచి ఉపాయం ఉంది: ఆ కడ్డీకి కాపీ తీసి సరిగ్గా దాని కింద అంటించి, ఆ కాపీకి ఫిల్, అవుట్‌లైన్ రెండూ తీసేసి, రెండిటినీ గ్రూప్ చెయ్యండి. ఇప్పుడు గ్రూప్‌కి మధ్య భాగం అంటే అసలు కడ్డీ కింద అంచే కాబట్టి, ఎఫెక్ట్ ఆప్షన్స్‌లో వర్టికల్ (నిలువు) ఎంచుకుంటే కనిపించే కడ్డీ పైకి మాత్రమే పెరుగుతుంది. మోషన్ పాత్ (బొమ్మని ఒక దారి వెంట కదిపే ఎఫెక్ట్) జోడించి సర్దేవాళ్ళూ ఉన్నారు, కానీ రెండు ఎఫెక్టుల టైము, స్మూత్ స్టార్ట్, స్మూత్ ఎండ్ అన్నీ ఒకేలా ఉంచాలి, కాస్త తేడా వచ్చినా ఊగుతుంది, నేనైతే గ్రూప్ పద్ధతే బెటర్ అంటాను.

పెద్దదయ్యాక మసకగా ఉంది

ఫోటో అయితే ఉన్న పిక్సెల్స్‌నే సాగదీస్తున్నారు, అంతే. 500 పిక్సెల్స్ వెడల్పున్న బొమ్మ 200 శాతానికి వెళ్ళాలంటే సోర్స్ ఫైలే 1000 ఉండాలి, కాబట్టి చివర్లో ఎంత పెద్దగా కనిపించాలో ఆ సైజులో తెచ్చుకుని, మొదట్లో చిన్నది చేసి ఉంచండి. పవర్‌పాయింట్‌లో పెద్దది చేసినప్పుడు మసకబారితే ఆబ్జెక్ట్‌ని స్లైడ్ మీద ఫుల్ సైజులో పెట్టి, ముందు చాలా తక్కువ టైములో 25 శాతానికి దించి, తర్వాత 400తో పెంచండి. లేదంటే మార్ఫ్ ట్రాన్సిషన్ వాడండి, ఒక స్లైడ్‌లో చిన్నది, తర్వాతి స్లైడ్‌లో పెద్దది. మార్ఫ్ రెండిటినీ జత కలపలేకపోతే సెలెక్షన్ పేన్ (స్లైడ్ మీదున్న వస్తువుల పేర్ల జాబితా) తెరిచి రెండు చోట్లా ఒకే పేరు పెట్టి, పేరుకి ముందు రెండు ఆశ్చర్యార్థకాలు తగిలించండి.

వెక్టార్ బొమ్మ (పిక్సెల్స్‌తో కాకుండా గీతల లెక్కలతో గీసినది) కూడా మసకగా ఉందా? ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇల్లస్ట్రేటర్ ఫైల్‌కి లేయర్ దగ్గర సూర్యుడిలా ఉండే స్విచ్ ఆన్ చెయ్యండి, దాని పేరు కంటిన్యువస్లీ రాస్టరైజ్. యానిమేట్‌లో ఫోటో అంచులు వణుకుతుంటే లైబ్రరీలో బిట్‌మ్యాప్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి అలౌ స్మూతింగ్ టిక్ పెట్టండి.

గీత లావైపోయింది, గుండ్రటి మూలలు సాగిపోయాయి

ఉదాహరణకి 200 వెడల్పు, 60 ఎత్తు, మూలలు 20 రేడియస్ ఉన్న బటన్ తీసుకుందాం. దీన్ని అడ్డంగా మాత్రమే 200 శాతం స్కేల్ చేస్తే వెడల్పు 400 అయింది బాగానే ఉంది, కానీ మూలని కూడా గుణించేసింది కాబట్టి అది అడ్డంగా 40, నిలువుగా 20 ఉన్న కోడిగుడ్డు వంపు అయిపోయింది, ఎడమ కుడి గీతలు కూడా పైన కిందా ఉన్నవాటికంటే రెండింతలు లావయ్యాయి. ఇక్కడ మీకు కావాల్సింది స్కేల్ కాదు, సైజు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ షేప్ లేయర్‌లో ట్రాన్స్‌ఫామ్ కింది స్కేల్‌ని వదిలేసి, రెక్టాంగిల్ పాత్ లోపలున్న సైజుకి కీఫ్రేమ్‌లు పెట్టండి, గీత, మూల రెండూ అలాగే ఉంటాయి. యానిమేట్‌లో స్ట్రోక్ ప్రాపర్టీస్‌లో స్కేల్ అన్న చోట నన్ (None) పెడితే గీత లావవ్వదు, మూలల కోసం మూవీ క్లిప్ సింబల్‌కి 9-స్లైస్ స్కేలింగ్ గైడ్స్ (మూలల్ని వదిలేసి మధ్య భాగాల్నే సాగదీసేవి) ఆన్ చెయ్యండి.

జూమ్ మొదట్లో దూకి చివర్లో నత్తనడక నడుస్తోంది

కీఫ్రేమ్‌లు సమానంగానే ఉన్నా ఇలా అనిపిస్తే తప్పు మీ కంటిది కాదు. 10 నుంచి 100 శాతానికి ప్రతి అడుగుకీ 10 కలుపుతూ పోతే, మొదటి అడుగులో 10 కాస్తా 20 అయింది, అంటే డబుల్, చివరి అడుగులో 90 నుంచి 100, అంటే పెరిగింది సుమారు 11 శాతమే. కన్ను చూసేది ఎన్నింతలైందనే. అదే 9 అడుగుల్లో ప్రతిసారీ 1.29తో గుణిస్తే 10, 12.9, 16.7, 21.5 ఇలా మొదలై 59.9, 77.4, 100కి చేరుతుంది, చూడ్డానికి ఒకే వేగం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రెండు కీఫ్రేమ్‌లు సెలెక్ట్ చేసి కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో ఎక్స్‌పొనెన్షియల్ స్కేల్ నొక్కితే ఈ లెక్క అదే వేసేస్తుంది. మొదటి విలువ మాత్రం సున్నా పెట్టకండి, సున్నాని దేనితో గుణించినా సున్నానే కాబట్టి 1 శాతం నుంచి మొదలుపెట్టండి.

అసలు పెరగనే పెరగట్లేదు

యానిమేట్ టైమ్‌లైన్‌లో బాణం బదులు చుక్కల గీత కనిపిస్తే క్లాసిక్ ట్వీన్ తెగిపోయినట్టు. చివర కీఫ్రేమ్ ఉందా, లేయర్‌లో ఆ సింబల్ ఒక్కటే ఉందా చూడండి. షేప్ ట్వీన్‌కి (ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంగా మార్చే ట్వీన్) రివర్స్, దానికి సింబల్ పనికిరాదు, కంట్రోల్ బి కొట్టి విడగొట్టాలి.

కోడ్ రాస్తే బొమ్మ స్క్రీన్ దాటిపోయింది

పాత యాక్షన్‌స్క్రిప్ట్ 2 కోడ్‌లో 100 అంటే మామూలు సైజు, 3లో 1 అంటే మామూలు సైజు. పాత ట్యుటోరియల్ చూసి స్కేల్ఎక్స్‌కి 150 ఇచ్చారనుకోండి, అది 150 శాతం కాదు, 150 రెట్లు. 1.5 ఇవ్వండి.

విలువ 50 పెట్టినా ఇంకా చిన్నగా కనిపిస్తోంది

పేరెంట్‌ని, అంటే ఈ లేయర్‌ని (చైల్డ్) దేనికి కట్టేశారో ఆ లేయర్‌ని చూడండి. పేరెంట్ 50, చైల్డ్ 50 అయితే కనిపించేది 25. పేరెంట్‌ని అడ్డంగా ఒక్కటే సాగదీసి చైల్డ్‌ని తిప్పితే ఇంకా ఘోరం, చైల్డ్ ఏటవాలుగా వంకరపోతుంది. అలాంటప్పుడు స్కేల్ కీఫ్రేమ్‌లు లేని ఒక నల్ ఆబ్జెక్ట్ (వీడియోలో కనిపించని ఖాళీ లేయర్) పెట్టి, రెండిటినీ విడివిడిగా దానికి పేరెంట్ చేసి, సాగదీసేది ఆ ఒక్క లేయర్‌కే చెయ్యండి.