గేమ్‌లో వస్తువులు దూదిపింజల్లా పడుతుంటే ముందు స్కేల్ చూడండి
గేమ్ ఇంజిన్లలో (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) యూనిటీ, గోడోల్లో ఒక యూనిట్ అంటే 1 మీటరు, అన్‌రియల్‌లో 1 సెంటీమీటరు. ఇంజిన్‌లోకి 3డీ మోడల్ తేగానే పక్కన 1 మీటరు డిఫాల్ట్ క్యూబ్ పెట్టి, ఎత్తు స్కేల్ 1.8 చేసి, మనిషి బొమ్మ దానికి సమంగా ఉందేమో చూడండి. తేడా ఉంటే కెమెరా జరిపి సరిపెట్టుకోవద్దు. గురుత్వం 9.81 మారదు కదా, 2 మీటర్ల నుంచి 0.64 సెకన్లలో పడే పెట్టెకి, 100 రెట్లు పెద్ద సీన్‌లో (అంటే 200 మీటర్ల నుంచి) 6.4 సెకన్లు పడుతుంది.

మోడల్‌ని బ్లెండర్‌లో (3డీ మోడళ్లు చేసే సాఫ్ట్‌వేర్) చేస్తుంటే అక్కడ ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్+ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి, అంటే ఇప్పుడున్న సైజునే స్కేల్ 1గా స్థిరపరచండి. ఎఫ్‌బీఎక్స్ (మోడల్‌ని ఇంజిన్‌కి పంపే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్‌లో అప్లై స్కేలింగ్స్ దగ్గర 'ఎఫ్‌బీఎక్స్ ఆల్' పెడితే, యూనిటీలో స్కేల్ 100 బదులు 1 వస్తుంది. ఇదంతా యానిమేషన్‌కి ముందే చేయాలి. తర్వాత రిగ్ (బొమ్మని కదిలించే ఎముకల అమరిక) స్కేల్ అప్లై చేస్తే ఎముకల లొకేషన్ కీఫ్రేములు (ఏ క్షణంలో ఎక్కడుండాలో నమోదైన స్థానాలు) పాత కొలతలోనే ఉండిపోయి, కదలికలు చెడతాయి.