కళింగపట్నం నీటిలో కార్బన్ జాడ: ఆక్సిజన్ సీసాతో మొదలుపెట్టే పద్ధతి

కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగాక ఆక్సిజన్ మాదిరిగా వాయువుగానే ఉండిపోదు. అది నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమై, చాలావరకు బైకార్బొనేటుగా మారుతుంది. కరిగిన అకర్బన కార్బన్‌లో సుమారు 90 శాతం ఈ రూపంలోనే ఉంటుంది. అందువల్ల గాలికీ పైపొర నీటికీ మధ్య ఆక్సిజన్ కొన్ని వారాల్లో సమతూకానికి వస్తే, కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు ఏడాది పడుతుంది. దాన్ని నేరుగా కచ్చితంగా కొలవడానికి ఖరీదైన పరికరాలు కావాలి. ఆక్సిజన్‌ను మాత్రం 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతిలో డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనే కొలిచి, నీటిలోని సూక్ష్మ వృక్షాలు ఎంత కార్బన్‌ను పట్టుకున్నాయో అంచనా కట్టవచ్చు; ఎందుకంటే అవి కార్బన్‌ను పట్టుకునేటప్పుడు ఆక్సిజన్‌ను వదులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఇందుకు అనువైన చోటు. నది నీరూ ఉప్పునీరూ ఒక్క పూటలోనే అందుతాయి.

ఒడ్డున విరిగే కెరటాల నీటిని తీసుకోకూడదు, ఆ నురగే గాలిని నీటిలోకి నెడుతుంది. పడవలో కెరటాలు దాటి వెళ్లి, బకెట్‌ను మెల్లగా ముంచి, అందులోంచి సన్నని రబ్బరు గొట్టంతో 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాలోకి (నీటిలోని ఆక్సిజన్‌ను కొలవడానికి వాడే, గాజు మూత బిగిసే సీసా) నీరు దించాలి. గొట్టం కొన సీసా అడుగును తాకుతూ ఉండాలి. సీసా నిండాక కూడా కనీసం రెండు సీసాల నీరు పొర్లిపోనివ్వాలి. మొదటిసారి నేను గొట్టం ఎందుకులే అని బకెట్ నుంచే వొంపాను; మూడు సీసాలకు మూడు రకాల అంకెలు వచ్చి ఆ రోజు శ్రమంతా వృథా అయింది.

నీరు నిండిన వెంటనే, పడవలోనే, పిపెట్ కొనను నీటి మట్టానికి దిగువన ఉంచి 1 మిల్లీలీటరు మాంగనస్ సల్ఫేటు, ఆపై 1 మిల్లీలీటరు క్షార అయొడైడ్ ద్రావణం వేయాలి. బుడగ చిక్కకుండా మూత బిగించి ఇరవైసార్లు తలకిందులు చేస్తే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. అది తెల్లగానే ఉంటే ఆక్సిజన్ దాదాపు లేనట్టే. ఈ స్థితిలో సీసాలను చీకటి పెట్టెలో పెట్టి కళాశాలకు తీసుకురావచ్చు. అక్కడ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే అవక్షేపం కరిగి, అయొడిన్ పసుపు రంగు తేలుతుంది. చేతికి తొడుగు లేకుండా ఈ పని చేయరాదు. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసి, 0.025 నార్మల్ గాఢత గల సోడియం థయోసల్ఫేటును లేత పసుపు మిగిలేవరకు వదిలి, పిండి (స్టార్చ్) ద్రావణం చుక్కలు వేసి, నీలం మాయమయ్యేదాకా కొనసాగించాలి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరు నీటిలో సుమారు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు సమానం.

కార్బన్ లెక్కకు ఒకే నీటితో మూడు సీసాలు నింపాలి. ఒకదానిలో అప్పటికప్పుడే పైన చెప్పిన రెండు ద్రావణాలూ వేసి ఆక్సిజన్‌ను స్థిరపరచాలి. రెండోది తెల్ల సీసా, అంటే వెలుతురు లోపలికి వెళ్లే పారదర్శక సీసా; మూడోది నల్ల రేకు చుట్టిన సీసా. ఈ రెండింటినీ తాడుకు కట్టి, నీరు తీసిన లోతులోనే నాలుగు గంటలు వేలాడదీసి, ఆపై అలాగే స్థిరపరచి కొలవాలి. తెల్లదానిలో 6.9, నల్లదానిలో 6.1 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. తేడా 0.8, దాన్ని 0.375తో (ఆక్సిజన్ బరువును కార్బన్ బరువుగా మార్చే అంకె, 12/32) హెచ్చించి 1.2తో (పట్టుకున్న ప్రతి కార్బన్ అణువుకు వెలువడే ఆక్సిజన్ అణువుల నిష్పత్తిగా తీసుకునే అంకె) భాగిస్తే లీటరుకు 0.25 మిల్లీగ్రాముల కార్బన్ సేంద్రియ పదార్థంగా మారిందని తేలుతుంది. మొదటి సీసాకూ నల్ల సీసాకూ తేడా ఆ నీటిలోని జీవులు శ్వాసకు వాడుకున్న ఆక్సిజన్.

ప్రతి అంకె పక్కనా ఉష్ణోగ్రత, లవణీయత రాయకపోతే అది దేనికీ పనికిరాదు. 28 డిగ్రీల వద్ద మంచినీరు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటే, 35 లవణీయత (కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు) గల సముద్రపు నీరు 6.4 మాత్రమే పట్టుకుంటుంది. ఆ తేడా తెలియనివారు నది నీరే ఆరోగ్యంగా ఉందని పొరబడతారు.

వానాకాలంలో వంశధారకు వరద వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. తేలికైన మంచినీరు ఉప్పునీటిపై పొరలా పరుచుకుంటుంది కనుక, పై నీటితో పాటు కొన్ని మీటర్ల దిగువ నీటినీ తీయాలి. అప్పుడు తెల్ల సీసా, నల్ల సీసా అంకెలు దాదాపు ఒకటే రావచ్చు. బురద వెలుతురును అడ్డుకున్నదని దాని అర్థం. ప్రయోగం చెడిందనుకొని ఆ అంకెలను కొట్టివేయకుండా, నీటి రంగుతో సహా పుస్తకంలో నమోదు చేయాలి.