పెరటి గుమ్మడిలో పిందె నిలవాలంటే

గుంటూరులో పెరట్లో గుమ్మడి పాదు పెట్టినవారు ఎక్కువగా చెప్పేది ఒకే మాట: తీగ గోడెక్కి పక్కింట్లోకి పాకింది, పువ్వులు విరగబూశాయి, కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. ఎరువు చాలలేదేమోనని ఇంకో గుప్పెడు వేస్తారు. దానితో ఆకు బలుస్తుందే తప్ప పిందె నిలవదు. గుమ్మడిలో ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. ఒకదాని పుప్పొడిని మరొకదానికి చేర్చే తేనెటీగలు ఇళ్లు కిక్కిరిసిన వీధుల్లోకి అంతగా రావు కాబట్టి ఆ పని మన చేతులతోనే చేయవలసి వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా తీపి గుమ్మడి గురించే. వడియాలకూ దిష్టికీ వాడే బూడిద గుమ్మడి వేరే జాతి మొక్క.

తొలకరి పడ్డాక జూన్, జూలై నెలల్లో గానీ, చలి పట్టాక డిసెంబరు, జనవరి నెలల్లో గానీ విత్తుకోవడం మన ప్రాంతానికి అనుకూలం. ఫిబ్రవరి దాటాక వేస్తే పూత సమయానికి ఎండ ముదిరి, మగ పువ్వులే ఎక్కువగా వస్తాయి. చిన్న పెరటికి బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సూర్యముఖి రకం బాగా నప్పుతుందని నా అభిప్రాయం. కాయ కిలో, కిలోన్నర తూగుతుంది, పండు ఈగను కూడా కొంత తట్టుకుంటుంది. అదే సంస్థ మరో రకం అర్క చందన్ కాయ రెండు మూడు కిలోల దాకా పెరుగుతుంది.

గుంటూరు నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి, అడుగున్నర వెడల్పు, అంతే లోతు గొయ్యి తీసి, ఆ మట్టిలో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి, నేలకంటే జానెడు ఎత్తు వచ్చేలా తిరిగి నింపాలి. విజయవాడ వైపు కృష్ణ ఒడ్డు ఒండ్రు నేలల్లో ఇంత ఎత్తు అవసరం లేదు. గింజలను రాత్రంతా నానబెట్టి, పాదుకు మూడు చొప్పున అంగుళం లోతున నాటి, మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగిలినవి తీసేయాలి. డాబా మీదైతే కనీసం అడుగున్నర లోతున్న తొట్టి కావాలి. తీగకు రెండు కాయలకు మించి ఉంచకూడదు.

మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకుల పైనా అడుగునా పిచికారీ చేస్తే ఆడ పూలు పెరుగుతాయి. ఈ లేత వయసులోనే ఎర్ర పెంకు పురుగు ఆకులను జల్లెడలా తూట్లు పొడుస్తుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా కట్టెల బూడిద చల్లి, కనబడినవాటిని చేత్తో ఏరి చంపితే చాలు.

విత్తిన నలభై రోజులకు మగ పూలు, మరో వారం పది రోజులకు ఆడ పూలు మొదలవుతాయి. ఆడ పువ్వు కింద గోలీకాయంత పిందె ముందే కనిపిస్తుంది. మగ పువ్వుకు సన్నటి పొడవాటి కాడ తప్ప ఏమీ ఉండదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ముందురోజు సాయంత్రానికే కొసన పసుపురంగు తేలుతుంది. ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య అప్పుడే విచ్చిన మగ పువ్వును కోసి, రేకులు ఒలిచేసి, పుప్పొడి అంటిన మధ్య కాడను ఆడ పువ్వు నడుమ పాయలుగా ఉబ్బి ఉండే కీలాగ్రం మీద అన్ని వైపులా మెత్తగా రాయాలి. ఒక మగ పువ్వు రెండు ఆడ పూలకు సరిపోతుంది. పది గంటలకల్లా పువ్వు ముడుచుకుంటుంది కనుక కాఫీ తాగి తీరిగ్గా వెళదామనుకుంటే ఆ రోజు దాటిపోయినట్టే. పిందె నిలిస్తే నాలుగైదు రోజుల్లో ఉబ్బుతుంది. లేకుంటే పసుపెక్కి రాలిపోతుంది.

ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు గుమ్మడి పూలు కోసే పిల్లలకు ఈ తేడా ముందే చూపించాలి. మా ఇంట్లో మొదటి ఏడు చూపించలేదు. ముగ్గులో పిందెలతో సహా ఆడ పూలన్నీ కనబడ్డాయి. మగ పూలు కోసినా, రోజూ రెండు మూడు తీగకే వదలాలి.

పిందె నిలిచాక పండు ఈగ దాని తొక్కలో గుడ్లు పెడుతుంది. కాయకు పాత దినపత్రిక చుట్టడం, మగ ఈగలను వాసనతో రప్పించే క్యూల్యూర్ మందు పెట్టిన ఎర బుట్ట వేలాడదీయడం, కుళ్లిన కాయను పాదు దగ్గర వదలకుండా లోతుగా పాతిపెట్టడం, ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. ఆకుల మీద తెల్లటి పొడిలా పట్టే బూడిద తెగులు కనబడగానే గంధకం పొడి చల్లవద్దు. పాదు జాతి ఆకులు దానికి మాడిపోతాయి. తెగులు సోకిన ముదురాకులు తీసేసి, తీగకు గాలి ఆడేలా చేయాలి. నీరు తీగ మొదలు దగ్గర పోయాలే గానీ ఆకుల మీద కాదు.

కాయ కింద ఇటుక గానీ వరిగడ్డి గానీ ఉంచితే తడికి కుళ్లదు. గోరు దిగనంత గట్టిగా తొక్క మారి, ముచ్చిక ఎండి బెండులా అయ్యాక, రెండంగుళాల ముచ్చిక ఉంచి కత్తితో కోయాలి. ముచ్చిక పట్టుకుని ఎత్తితే ఊడి, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. పది రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాక ఒకదానికొకటి తగలకుండా అటక మీద పెట్టుకోవచ్చు. జూలైలో విత్తిన పాదు కాయ అలా దాచితే సంక్రాంతి దప్పళానికి అందుతుంది.