పుటికల్లో రక్తప్రవాహం కొలవాలంటే ముందు అడ్రినల్స్ లెక్కపెట్టండి

క్లోమం మొత్తంలో లాంగర్‌హాన్స్ పుటికలు, అంటే చిన్న చిన్న కణాల గుంపులు, నూటికి ఒకటి రెండు పాళ్లే ఉంటాయి. కానీ క్లోమానికి వచ్చే రక్తంలో దాదాపు పదోవంతు వాటికే పోతుంది. ఇన్సులిన్ తయారయ్యేదీ, రక్తంలోకి దిగేదీ అక్కడే. అందుకే ఆ రక్తం ఎంత, ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్నది షుగర్ జబ్బు మీద పనిచేసే మాకు అంత ముఖ్యం. నేను దీన్ని ఎలుకల్లో మైక్రోస్ఫియర్లతో కొలుస్తాను. 1980ల మొదట్లో స్వీడన్‌లోని ఉప్సలాలో లీఫ్ యాన్సన్, క్లాస్ హెల్లర్‌స్ట్రోమ్ గట్టి పునాది వేసిన పద్ధతి ఇది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి బెంచి దగ్గర చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. జంతు నైతిక సంఘం అనుమతి వచ్చాకే, సర్జరీలో చేయి తిరిగినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవలసిన పని ఇది.

మైక్రోస్ఫియర్లంటే 10 మైక్రాన్ల ప్లాస్టిక్ పూసలు. గుండె నుంచి బయల్దేరిన రక్తంలో వాటిని కలిపితే, సన్నటి కేశనాళికల్లో దూరలేక ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి. ఎక్కువ రక్తం వెళ్లిన చోట ఎక్కువ పూసలు ఆగుతాయి. అంతే సూత్రం.

మత్తుమందు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. కెటమిన్-జైలజిన్ అలవాటైన మందని అదే ఇచ్చేస్తారు. జైలజిన్ ఇన్సులిన్‌ని అణిచి రక్తంలో గ్లూకోజ్‌ని పెంచుతుంది. గ్లూకోజ్ పెరిగితే పుటికల్లో రక్తప్రవాహం కూడా పెరుగుతుంది. ఇక మీరు కొలిచేది మీ ప్రయోగాన్ని కాదు, మత్తుమందుని. మేం థయోబ్యూటాబార్బిటాల్ వాడతాం. ఎలుకని వేడి ప్యాడ్ మీద ఉంచి ఒళ్లు 38 డిగ్రీల దగ్గర నిలుపుతాం. బీపీ స్థిరపడేదాకా ఆగుతాం. పూసలు ఎక్కించే ముందు గ్లూకోజ్ చూసి రాసుకుంటాం. ఆ అంకె లేని ఫలితాన్ని నేను నమ్మను.

ఒక కాథెటర్ (సన్నటి గొట్టం) మెడలోని కుడి కెరోటిడ్ ధమనిలోంచి మహాధమని మొదలు దాకా వెళ్తుంది, రెండోది తొడ ధమనిలో ఉంటుంది. మొదటిదాంట్లోంచి సుమారు రెండు లక్షల పూసలు పది సెకన్లలో ఎక్కించాలి. దానికి 5 సెకన్ల ముందే తొడ ధమని నుంచి రక్తం తీయడం మొదలుపెట్టి, నిమిషానికి 0.4 మి.లీ. చొప్పున మొత్తం 60 సెకన్లు తీయాలి. ఎంత రక్తానికి ఎన్ని పూసలో చెప్పే ఈ రక్తమే మన కొలబద్ద. దాన్ని తూకం వేసి ఎంత వచ్చిందో కచ్చితంగా తేల్చుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. నిమిషంలో తీసిన రక్తం 0.43 మి.లీ., అందులో పూసలు 300 అనుకుందాం. క్లోమం మొత్తంలో 450, వాటిలో పుటికల్లో ఉన్నవి 50. అప్పుడు క్లోమానికి నిమిషానికి 450 × 0.43 ÷ 300, అంటే దాదాపు 0.65 మి.లీ. పుటికలకి అదే లెక్కన 0.07 మి.లీ. పుటికల వాటా నూటికి 11.

ఇప్పుడు అడ్రినల్స్ సంగతి. పూసలు రక్తంలో సమంగా కలిశాయా లేదా చెప్పేవి మూత్రపిండాల మీద ఉండే ఈ రెండు చిన్న గ్రంథులే. పూసలు బాగా కలిస్తే రెండింట్లోనూ దాదాపు ఒకే లెక్క రావాలి. కుడి, ఎడమల లెక్కల్లో తేడా పది శాతం దాటితే ఆ ఎలుక ఫలితం పక్కన పెట్టాలి. నా మొదటి బ్యాచ్‌లో నాకు ఆత్రం. క్లోమం ముందు పట్టుకుని రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టాను. మూడో రోజు అడ్రినల్స్ చూస్తే ఒకదాంట్లో 41, రెండోదాంట్లో 19. సిరంజిలో పూసలు గడ్డకట్టాయి, నేను గమనించలేదు. పోయింది నా రెండు రోజులే అయితే సర్దుకునేదాన్ని. ఒక ప్రాణం ఊరికే పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఎక్కించే ముందు ఒక చుక్క స్లైడ్ మీద వేసి చూస్తాను. పూసలు జంటలుగా, గుత్తులుగా కనిపిస్తే మళ్లీ సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో గడ్డలు విడగొట్టే యంత్రం) పెట్టి, సిరంజిలోకి తీసే చివరి క్షణం దాకా కలుపుతూనే ఉంటాను.

క్లోమాన్ని తూచి, చిన్న ముక్కలు చేసి, రెండు స్లైడ్ల మధ్య పలచగా నొక్కి, మైనస్ 20లో రాత్రంతా ఉంచండి. మర్నాడు కరగనిచ్చి స్టీరియో మైక్రోస్కోపు కింద డార్క్‌ఫీల్డ్ వెలుతురులో, అంటే వెనక అంతా నల్లగా కనిపించేలా, పెట్టండి. చుట్టూ ఉన్న కణజాలం సగం పారదర్శకమై, పుటికలు విడివిడిగా తేలతాయి. వాటిలో నల్లటి పూస స్పష్టంగా దొరుకుతుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరినట్టు ఒక మూల నుంచి వరసగా రావాలి, అక్కడోటి ఇక్కడోటి చూస్తే కుదరదు. గంటకోసారి లేచి కళ్లకి విశ్రాంతి ఇవ్వండి. ఏ స్లైడ్ ఏ గుంపు ఎలుకదో లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదు. మా దగ్గర కోడ్ నంబర్లు వేరొకరు రాసి, ఆ కాగితం తమ దగ్గరే దాచుకుంటారు.

ఈ పద్ధతి మీకు చెప్పేది ఆ ఒక్క నిమిషం సంగతే. ఒకే పుటికలో రక్తం ఏ దారిన పోతోందో పూసలు చెప్పవు. దానికి బతికున్న చిట్టెలుక క్లోమాన్ని మైక్రోస్కోపు కింద చూస్తూ, రంగు ఎక్కించిన రక్తం కదలికను వీడియో తీయాలి. అలా చూసినప్పుడు కొన్ని పుటికల్లో రక్తం మధ్య నుంచి అంచుకి, కొన్నిట్లో ఒక అంచు నుంచి రెండో అంచుకి పోవడం కనిపించింది.

ఇంకొక్కటి. సరిగ్గా పుటిక అంచు మీద పడ్డ పూసని లోపలిదిగా లెక్కేయాలా, బయటిదిగానా? మొదటి స్లైడ్ చూడకముందే తేల్చుకుని నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. చివరి స్లైడ్ దాకా అదే పాటించండి.