మోడల్ రైల్వే భవనాలకు పాత కాంక్రీటు కళ తెప్పించడం ఎలా?

తెల్ల రంగులో నల్ల రంగు కలిపి గోడలకు పూసేస్తే కాంక్రీటు అయిపోదు. ఆరాక చూస్తే నీలిగా, ఇనప బీరువా రంగులో కనిపిస్తుంది. దాని మీద ఎంత మురికి పూసినా అది మురికి పట్టిన బీరువానే. అసలు కాంక్రీటులో ఇసక పసుపూ, మట్టి గోధుమా ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, అది పాతబడేది నీళ్ళ వల్ల. వాన ఎక్కడ పడింది, ఎటు జారింది, ఎక్కడ నిలిచింది అన్నది తేలాకే కుంచె పట్టుకోవాలి.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య చిన్న స్టేషన్లలో కనిపించే తరహా గది. శ్లాబు కప్పు, చుట్టూ పిట్టగోడ, కిటికీల మీద సన్‌షేడ్, కప్పు నీళ్ళు పోవడానికి రెండు తూములు. స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. గోడలు 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతో, అంటే గట్టి నురగ ప్లాస్టిక్ రేకుతో కట్టినవి.

ముందు దిక్కు తేల్చుకోండి

ఈ లైను దాదాపు ఉత్తర దక్షిణాలుగా, తీరం వెంబడి పోతుంది. కాబట్టి స్టేషను గదుల పొడుగు గోడలు ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి ఉంటాయి. సముద్రం తూర్పున. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానజల్లు కొట్టేది తూర్పు, ఉత్తరం గోడల్నే. ఉప్పుగాలి తగిలేదీ తూర్పు గోడకే. అందుకని పాచి, తుప్పు మరకలు అటువైపు ఎక్కువ వేయాలి. పడమటి గోడ ఎండకి వెలిసిపోయి, దుమ్ముకొట్టుకుని ఉంటుంది. నాలుగు గోడలూ ఒకేలా మురికి చేస్తే చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. మీ లేఅవుట్ (పట్టాలూ భవనాలూ పేర్చిన నమూనా) సముద్రానికి దూరంగా కంభం, గిద్దలూరు వైపుదైతే లెక్క వేరు: అక్కడ పాచి తగ్గించి ఎర్రదుమ్ము పెంచండి.

కావలసినవి

అక్రిలిక్ రంగులు: టైటానియం వైట్, నలుపు, యెల్లో ఓకర్ (ఇసక పసుపు), రా అంబర్ (మట్టి గోధుమ), బర్న్ట్ సియెన్నా (తుప్పు ఎరుపు). స్టేషనరీ షాపులో దొరికే క్యామెల్, ఫెవిక్రిల్ రకాలు చాలు. 0, 2 నంబరు కుంచెలు, పాత పరుపు స్పాంజి ముక్క, పాత టూత్‌బ్రష్, టాల్కం పౌడరు, మెత్తటి ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, గుడ్డలో జల్లించిన ఎర్రమట్టి, కరెంటు తీగలోంచి లాగిన సన్న రాగి పోగులు. నిజం సిమెంటు నీళ్ళలో కలిపి పూయొద్దు. సన్‌బోర్డు మీద అది నిలవదు, ఆరాక పొరలుగా రాలిపోతుంది.

1. పైతలం సిద్ధం చేయడం

సన్‌బోర్డుని 320 నంబరు ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది తుడవండి. సెంట్రింగ్ చెక్కల గుర్తులు కావాలంటే ఇప్పుడే గీయాలి. 15 సెంటీమీటర్ల చెక్క అంటే 1.7 మిల్లీమీటర్ల ఎడం. ఇవి శ్లాబు అడుగున, సన్‌షేడ్ అంచున మాత్రమే. సిమెంటు పూత పూసిన ఇటుక గోడ మీద చెక్క గుర్తులు గీస్తే ఏ మేస్త్రీ చూసినా నవ్వుతాడు.

పగుళ్ళు సూదితో గీయండి, పెన్నుతో వద్దు. అర మిల్లీమీటరు గీత ఈ స్కేలులో 43 మిల్లీమీటర్ల బీట, రెండు వేళ్ళు దూరేంత. అంత బీటలిచ్చిన గదిలో ఎవరూ కూర్చోరు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా ఒకటి రెండు చాలు.

2. మొదటి రంగు

తెలుపు 10 పాళ్ళు, ఓకర్ 1, రా అంబర్ 1. నలుపు అర పాలే, అదీ చివర్లో చుక్క చుక్కగా. 10 మిల్లీలీటర్ల రంగుకి పావు చెంచా టాల్కం పౌడరు కలిపితే మెరుపు చచ్చి కొంచెం గరుకు వస్తుంది. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది, అందుకని గిన్నెలో కాస్త లేతగా అనిపించేలా కలిపి, ముందు సన్‌బోర్డు తుంట మీద వేసి ఆరనిచ్చి చూడండి. పల్చగా రెండు పూతలు. రెండోది ఆరేలోపు, అదే రంగులో ఇంకాస్త తెలుపు కలిపి కొన్ని చోట్ల, అంబర్ కలిపి కొన్ని చోట్ల స్పాంజితో అద్దండి.

రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోవద్దు. రంగు కుంచె మీదే ఆరిపోయి గీతలు పడుతుంది. తెల్లవారుజామున వేసుకోండి.

3. పల్చని నీళ్ళ రంగు

రా అంబర్ 2 చుక్కలు, నలుపు 1 చుక్క, నీళ్ళు 45 చుక్కలు, తోమే లిక్విడ్ ఒక్క చుక్క. లిక్విడ్ లేకపోతే నీళ్ళు ముత్యాల్లా ముద్దకట్టి పగుళ్ళలోకి దిగవు. మరీ ఎక్కువైతే నురగ ఆరి బుడగ గుర్తులు మిగులుతాయి.

గోడని బల్ల మీద పడుకోబెట్టి, ముందు ఒట్టి నీళ్ళతో తడిపి, తర్వాత ఈ రంగు పూయండి. పొడి గోడ మీద వేస్తే రంగంతా మడుగు అంచుకి చేరి కాఫీ కప్పు మరకలా వలయం కడుతుంది. నిలిచిన నీటిని పిండిన కుంచెతో ఎత్తేయండి. కప్పు మీద మాత్రం ఆ వలయమే కావాలి. తూము దగ్గర వాననీళ్ళు నిలిచి ఇంకిపోయిన గుర్తు అచ్చం అలాగే ఉంటుంది, కాబట్టి అక్కడ మడుగుని కదిలించకుండా ఆరనివ్వండి.

వలయం చెరపాలని సర్జికల్ స్పిరిట్ ముట్టించారంటే కింది రంగు కూడా కరిగి లేచిపోతుంది.

4. పాచి, జారుడు మరకలు

నలుపు 2 పాళ్ళు, ఓకర్ 1 పాలు కలిపితే ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు వస్తుంది. పాచి రంగు అదే, విడిగా ఆకుపచ్చ కొననక్కర్లేదు. ఎండాకాలం లేఅవుట్ అయితే నలుపు ఎక్కువ, కార్తీకం ముసురైతే ఓకర్ ఎక్కువ. ఒకే లేఅవుట్‌లో రెండూ కలపొద్దు.

గోడని నిలబెట్టండి, నీళ్ళు జారాల్సింది కిందికి. అన్నిటికన్నా నల్లగా ఉండాల్సింది పిట్టగోడ పైతలం, ఎందుకంటే వాన నేరుగా దాని మీదే నిలుస్తుంది. అక్కడ నుంచి బయటివైపు కిందికి 5 నుంచి 10 మిల్లీమీటర్ల చారలు, పొడుగూ వెడల్పూ ఒకదానికొకటి సమానం కాకుండా. తూము కింద చార గోడ అడుగు దాకా పోవచ్చు. ప్రతి చారా పైన చిక్కగా మొదలై కిందికి పోనుపోను మాయమవ్వాలి: ఒక గీత గీసి, వెంటనే నీళ్ళలో ముంచి పిండిన కుంచెతో కిందికి రెండుసార్లు లాగండి. సన్‌షేడ్ కింద గోడ పొడిగా ఉంటుంది. అక్కడ కూడా చారలు గీయడం చాలామంది చేసే తప్పు. దాని రెండు చివర్ల పక్కనా, కిటికీ అడుగు మూలల్లోనూ మాత్రం మరకలు ఉండాలి.

5. పెచ్చులూడిన సన్‌షేడ్

తీరం వెంబడి కట్టడాలకి ఇదే ముఖ్య లక్షణం, తొందర పడకుండా చేయండి. ఉప్పు చెమ్మ లోపలికి దిగి కడ్డీలకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చు ఊడి పడుతుంది. అందుకే పెచ్చు ఊడేది ఎప్పుడూ కడ్డీ ఉన్న వరసలోనే, ఎక్కడపడితే అక్కడ కాదు.

సన్‌షేడ్ ముందు అంచు నుంచి అడుగు వైపుకి, 6 మిల్లీమీటర్ల పొడుగు, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 0.3 మిల్లీమీటర్ల లోతున బ్లేడు కొసతో గీరి తీయండి. అంచులు వంకరటింకరగా ఉండాలి. లోపల బయటపడే సన్‌బోర్డు నురగే విరిగిన కాంక్రీటులా కనిపిస్తుంది, కలిసొచ్చిన సంగతి. అందులో రెండు రాగి పోగులు 1.7 మిల్లీమీటర్ల ఎడంగా ఫెవిక్విక్‌తో అతికించండి. 0.2 మిల్లీమీటర్ల పోగు ఈ స్కేలులో 17 మిల్లీమీటర్ల కడ్డీ లెక్క. సన్‌షేడ్‌కి కాస్త లావే, కానీ కంటికి ఆనాలంటే ఆ మాత్రం ఉండాలి. గుంటలో మొదటి రంగుకి తెలుపు కలిపి పూసి, పోగులకు అంబర్, మీద అక్కడక్కడ సియెన్నా వేయండి. గుంట నుంచి అంచు మీదుగా ఒకటే తుప్పు చార. గది మొత్తానికి ఇలాంటివి రెండు, మించితే కూలిపోయే కొంపలా ఉంటుంది.

6. రాలిన వెల్ల

కాంక్రీటు రంగు బాగా ఆరిన గోడని తడిపి, చెమ్మ ఉండే అడుగు భాగంలో ఉప్పు చిటికెడు చల్లండి. ఉప్పు అంటుకుని ఆరాక వెల్ల కోసం మీగడ రంగుని చిక్కగా, స్పాంజితో పైపైన అద్దండి. కుంచెతో లాగితే ఉప్పు ఊడొస్తుంది, రంగు నీళ్ళగా ఉంటే కరిగిపోతుంది. అరగంట తర్వాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఉప్పున్న చోట వెల్ల పెచ్చులుగా లేచి కింది కాంక్రీటు రంగు బయటపడుతుంది. మిగిలిన ఉప్పుని తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. లేదంటే వానాకాలంలో చెమ్మ లాగి తెల్లగా పూస్తుంది.

7. వార్నిష్, మట్టి

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే ముసురు రోజుల్లో కొట్టొద్దు. గాలిలో చెమ్మకి పొగ పట్టినట్టు తెల్లబడుతుంది. ఎండ కాసిన రోజు, అడుగు దూరం నుంచి, రెండు పల్చని పూతలు. తర్వాతే ఎర్రమట్టి: వాన చిందే ఎత్తు ఒక అడుగు అనుకుంటే గోడ మీద 3.5 మిల్లీమీటర్లు. పొడి కుంచెతో కింది నుంచి పైకి అద్దండి. గదిని లేఅవుట్ మీద నిలిపాక గోడకీ నేలకీ మధ్య సందు కనబడితే, అదే మట్టిని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో ముద్ద చేసి టూత్‌పిక్‌తో కూరండి.