మందుల చీటీలో ఓడీ, బీడీ అంటే ఏంటి, షాపు దగ్గర ఏం చూస్కోవాలి

పొద్దున్నే బస్సెక్కి కాకినాడో రాజమండ్రో వెళ్ళి డాక్టర్ గారికి చూపించుకుని సాయంత్రానికి ఇంటికొస్తాం, తీరా చీటీ విప్పితే ఏం రాశారో అర్థం కాదు, అడుగుదామంటే అప్పటికి ఎవరూ దొరకరు. అందుకే అక్కడుండగానే చదివించుకోండి.

ఓడీ అంటే రోజుకి ఒకసారండి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడు, క్యూఐడీ నాలుగు. ఏసీ తినకముందు, పీసీ తిన్నాక, హెచ్ఎస్ పడుకోబోయే ముందు. ఎస్ఓఎస్ అని ఉంటే నొప్పో జ్వరమో ఉంటేనే, రోజూ కాదు. 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యాహ్నం లేదు.

ఓడీ దగ్గర మాత్రం జాగర్త. కంటి చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను, లాటిన్ మాటలవి. మా మేనత్తకి కుడి కంట్లో నాలుగుసార్లు చుక్కలు వెయ్యమని రాస్తే, ఓడీ చూసి మేం మూడ్రోజులు ఒక్కసారే వేశాం, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తది. ఇంకా పెద్ద ప్రమాదం కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్, అది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తది, అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో, అంటే సోమవారమో బుధవారమో, చీటీ మీదే రాయించుకోండి.

1945 డ్రగ్స్ రూల్స్ ప్రకారం చీటీ మీద పేషెంట్ పేరు, అడ్రస్, తేదీ, డాక్టర్ సంతకం, మొత్తం ఎన్ని మందులివ్వాలి, ఎలా వాడాలి, ఇవన్నీ ఉండాలి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా చూస్కోండి. ఆ రూల్స్‌లో షెడ్యూళ్ళని మందుల జాబితాలుంటాయి, వాటిల్లో షెడ్యూల్ హెచ్ మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి హెచ్1 అని ఇంకో జాబితా వచ్చింది, కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్, టీబీ మందులు అందులో ఉన్నాయి, అవి కొంటే షాపువాళ్ళు మీ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్ళు దాచాలి, కాబట్టి పేరడిగితే కోప్పడకండి. షెడ్యూల్ ఎక్స్ జాబితాలో మందులైతే చీటీ రెండు కాపీలు, ఒకటి షాపులో 2 ఏళ్ళు ఉంటది.

చాలామందికి తెలీంది ఒకటుంది, మళ్ళీ ఇవ్వచ్చని డాక్టర్ రాయకపోతే ఈ షెడ్యూళ్ళ మందుల చీటీ ఒక్కసారికే పనికొస్తది. లంక ఊళ్ళవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలండి, జులై ఆగస్టుల్లో గోదారి పొంగితే పడవ దాటి డాక్టర్ దగ్గరికి పోలేరు కదా. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు వరదల ముందే వెళ్ళి ఎన్నిసార్లు తీసుకోవచ్చో చీటీ మీద రాయించుకుని, ఫోన్లో ఫోటో తీసి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.