సంస్థ రద్దయితే బాకీ ఎవరు తీర్చాలి? (3వ పాఠం: బదిలీ చట్టాన్ని చదవడం)

చట్టం ద్వారా పుట్టిన కార్పొరేషన్‌కీ, కంపెనీల చట్టం కింద నమోదైన ప్రభుత్వ కంపెనీకీ తేడా ఏమిటో గత పాఠంలో చూశాం. ఈసారి రద్దు చట్టాన్నే ముందు పెట్టుకుని, నాకు రావాల్సిన డబ్బు ఇప్పుడు ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబు వెతుకుదాం. బిల్లులు ఆగిపోయిన కాంట్రాక్టర్లు, రిటైరైన ఉద్యోగులు, ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు "ఆ సంస్థ ఇప్పుడు లేదండీ" అన్న మాట విని వెనక్కి వచ్చేస్తుంటారు. అలా రావాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. సంస్థ పోయినా, దాని బాకీలు ఎక్కడికి వెళ్లాయో చట్టంలో ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది.

ముందు తేదీ పట్టుకోండి. ఇలాంటి రద్దు, బదిలీ చట్టాల్లో 'అపాయింటెడ్ డే' అని, అంటే బదిలీ అమల్లోకి వచ్చే రోజు అని, ఒకటి ఉంటుంది. చట్టం పాసైన రోజు, ఈ రోజు ఒకటే కానక్కర్లేదు. చమురు, సహజవాయువు కమిషన్‌ను కంపెనీగా మార్చిన చట్టం 1993 నాటిది. బదిలీ జరిగింది మాత్రం 1994 ఫిబ్రవరి 1న. మన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు సంగతీ అంతే. సంస్కరణల చట్టం 1998ది, బోర్డు స్థానంలో జెన్‌కో, ట్రాన్స్‌కో వచ్చింది 1999 ఫిబ్రవరి 1న. కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి: మీ హక్కు పుట్టిన రోజు, అపాయింటెడ్ డే. మీరు బిల్లు పెట్టిన తేదీ ఇక్కడ ముఖ్యం కాదు, పని పూర్తయిన తేదీ లేదా ప్రమాదం జరిగిన తేదీ ముఖ్యం.

ఇప్పుడు దఖలు పరిచే క్లాజు, అంటే పాత సంస్థవి ఏవేవి ఎవరి పరం అవుతాయో చెప్పే నిబంధన. ఈ పాఠం కోసం నేను రాసిన నమూనా ఇది: "అపాయింటెడ్ డే నుంచి కార్పొరేషన్ ఆస్తులు, హక్కులతో పాటు, ఆ తేదీకి ముందు ఏర్పడిన అప్పులు, బాధ్యతలు, ఒప్పందాలు ఏ రకమైనవైనా సరే, కొత్త కంపెనీకి దఖలు పడతాయి."

'ఏ రకమైనవైనా' అన్న మాట కింద గీత గీయండి. ఆ మాట ఉంటే, ప్రమాదం ముందు జరిగి పరిహారం మొత్తం తర్వాత తేలినా, బాధ్యత కొత్త కంపెనీదే అని గట్టిగా వాదించవచ్చు. ఎందుకంటే బాధ్యత ఏర్పడింది ప్రమాదం రోజున, తర్వాత తేలింది అంకె మాత్రమే. అదే చోట 'షెడ్యూలులో చూపినవి మాత్రమే' అని ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు షెడ్యూలు (చట్టం చివర జతచేసిన జాబితా) తెరవకుండా ఒక్క అడుగూ వేయకండి. మీ బాకీ అందులో లేకపోతే, మిగిలినవి ఎవరికి చెందుతాయో చెప్పే క్లాజు కోసం వెతకాలి. చాలా సందర్భాల్లో ఆ మిగిలినవి ప్రభుత్వం నెత్తిన పడతాయి.

ఒక సంస్థ రెండుగా చీలినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాను 2002 చట్టంతో విడదీశారు. యూఎస్-64 అనే యూనిట్ పథకం, హామీ రాబడి పథకాలు ఒక ప్రత్యేక విభాగానికి, మిగతావి మ్యూచువల్ ఫండ్‌కు వెళ్లాయి. అలాంటి చోట సంస్థ ఏదని అడిగితే సరిపోదు, నా పథకం ఎటు వెళ్లిందని అడగాలి.

పత్రికల శీర్షికలను నమ్మకండి. 'ఏపీఎస్‌ఆర్టీసీ ప్రభుత్వంలో విలీనం' అని అందరూ అన్నారు. 2019 చట్టంతో 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ సర్వీసులోకి వెళ్లింది ఉద్యోగులు. కార్పొరేషన్ రద్దు కాలేదు. ఉద్యోగి జీతం ప్రశ్నకూ, కార్పొరేషన్ అప్పు ప్రశ్నకూ అక్కడ జవాబులు వేరు.

చట్టం మౌనంగా ఉంటే? ఇదే అన్నింటికంటే టెన్షన్ పెట్టే సందర్భం. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో, పదో షెడ్యూలులో పేర్లున్న సంస్థల విషయంలో సెక్షన్ 75 సేవలు కొనసాగించడం గురించి చెప్పింది, ఆస్తులు, అప్పుల పంపకం గురించి చెప్పలేదు. ఉన్నత విద్యామండలి కేసులో 2016లో సుప్రీంకోర్టు, సంస్థ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రానికే అంతా చెందుతుందన్న వాదనను ఒప్పుకోలేదు. రెండు రాష్ట్రాలూ ఒప్పందానికి రావాలని, కుదరకపోతే కేంద్రం కమిటీ వేయాలని చెప్పింది. నా దృష్టిలో మనం నేర్చుకోవాల్సింది ఇదే: విధులు ఎవరికి వెళ్లాయన్నది ఒక ప్రశ్న, బాకీలు ఎవరికి వెళ్లాయన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికిందని రెండోదాన్ని వదిలేయకండి. పాత చట్టాన్ని రద్దు చేసినంత మాత్రాన అప్పటికే ఏర్పడిన హక్కులు, బాధ్యతలు పోవని 1897 జనరల్ క్లాజుల చట్టం సెక్షన్ 6 చెబుతుంది. కొత్త చట్టంలో దానికి విరుద్ధమైన ఉద్దేశం కనిపిస్తే తప్ప. ఇది కేంద్ర చట్టాలకు వర్తిస్తుంది, రాష్ట్ర చట్టాలకు ఆయా రాష్ట్రాల జనరల్ క్లాజుల చట్టం చూడాలి.

కోర్టులో కేసు నడుస్తుండగా సంస్థ రద్దయితే కంగారు పడొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 22 రూల్ 10 కింద అనుమతి తీసుకుని, బాధ్యత దఖలు పడిన సంస్థపై అదే దావాను కొనసాగించవచ్చు. అలా చేర్చినప్పుడు కాలపరిమితి (దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు) అడ్డు రాదు, 1963 కాలపరిమితి చట్టం సెక్షన్ 21(2) ఆ రక్షణ ఇస్తుంది. కానీ రద్దయిపోయిన తర్వాత పాత పేరు మీదే దావా వేస్తే ఈ రక్షణ దొరకదు. కొత్త ప్రతివాదిని చేర్చిన రోజే దావా వేసినట్టు లెక్క. పొరపాటు సదుద్దేశంతో జరిగిందని కోర్టును ఒప్పిస్తే వెనకటి తేదీ ఇవ్వొచ్చు, దాని మీద ఆధారపడి మాత్రం కూర్చోకండి. బాకీ నేరుగా ప్రభుత్వానికే వెళ్లి ఉంటే, కొత్తగా దావా వేసే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. కార్పొరేషన్‌పై ఉన్న కేసుల్లో అలవాటైనవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

అభ్యాసం: ఒక కార్పొరేషన్‌కు 2018 మార్చిలో పంపుహౌస్ కట్టారు. బిల్లు ఆ ఏడాది జూన్‌లో పెట్టారు. అపాయింటెడ్ డే 2018 మే 1. క్లాజులో 'షెడ్యూలులో చూపిన ఒప్పందాలు' అని ఉంది, షెడ్యూలులో పంపుహౌస్ లేదు. మిగిలిన బాధ్యతలు ప్రభుత్వానివని మరో క్లాజు చెబుతోంది. ఎవరికి నోటీసు పంపుతారు? ఏ తేదీని ఆధారం చేసుకుంటారు? నాలుగు వాక్యాల్లో రాసుకుని ఉంచండి. 4వ పాఠం ఈ జవాబుతోనే మొదలుపెట్టి, ఉద్యోగుల పింఛను, గ్రాట్యుటీ బాధ్యతల్లోకి వెళదాం.